పాప ముందుపళ్ళ మీద అడ్డంగా గాడి: కడుపులో ఉన్నప్పుడే పడిందంటున్నారు, నిజమేనా?

పాలకంకి (ఖమ్మం) | సోమవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. మా పాపకి రెండేళ్ళ ఏడు నెలలు. పై ముందుపళ్ళు రెండింటి మీదా అడ్డంగా ఒక గాడి ఉంది. గోటితో గీరితే తగులుతుంది. పళ్ళు వచ్చినప్పటి నుంచీ ఉన్నదే, కానీ ఈమధ్య ఆ గాడి టీ రంగుకి తిరుగుతోంది. మొన్న డెంటిస్టుకి చూపిస్తే అర నిమిషం చూసి, "ఇది ఇప్పటిది కాదమ్మా, ఎనామెల్ కట్టేటప్పుడే పడింది, కడుపులో ఉన్నప్పటి సంగతి" అన్నారు. పళ్ళకి వార్నిష్ (ఫ్లోరైడ్ పూత) వేస్తాం, మళ్ళీ రమ్మన్నారు. బయట జనం నిండిపోయి ఉన్నారు, ఇంకేమీ అడగలేకపోయాను.

పక్కనే ఉన్న మా అత్తయ్య ఆ మాట విన్నారు. ఇంక చూడండి. "ఐదో నెలలో నీకు ముద్ద దిగలేదు, రాగిజావ కాచిస్తే సింకులో పోశావు" అని మూడు రోజులుగా అదే పాట. ఆవిడ చెడ్డమనిషి కాదు, పాపంటే ప్రాణం. కానీ నాకు నిద్ర పట్టట్లేదు.

నా ప్రశ్న ఒక్కటే. పాప బోసినోటితో పుట్టింది. ఎనిమిదో నెల దాకా ఒక్క పన్ను లేదు. అలాంటప్పుడు పంటి పైపొర కడుపులో ఎలా తయారవుతుంది? నేను తినకపోవడం వల్లేనా?

నిప్పురవ్వ | సోమవారం, రాత్రి 11:05

పుట్టినప్పుడు లేని పళ్ళకి కడుపులో దెబ్బ తగిలిందా? బాగుంది. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకునే పిల్లలకి ముందుపళ్ళు ఇలాగే అవుతాయి. వార్నిష్ బిల్లు కోసం చెప్పే కబుర్లు ఇవన్నీ.

మామయ్య1983 (తణుకు) | సోమవారం, రాత్రి 11:31

రవ్వగారూ, మా అక్క కూతురు పుట్టడమే కింద ఒక పన్నుతో పుట్టింది. లేబర్ రూములోంచి నర్సు వచ్చి చెప్పగానే మా అమ్మమ్మ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. పళ్ళతో పుడితే మేనమామకి గండం కదా! నేను అప్పుడు డిగ్రీ సెకండియర్. పంతులుగారు, నూనెలో ముఖం చూడటం, దానాలు, మొత్తం పది రోజులు హడావిడి.

ఆ పన్ను గోధుమ రంగులో, వేలు పెడితే ఊగేది. పాలు పట్టేటప్పుడు మా అక్కకి కొరికేది, పాపకి నాలుక కింద పుండు కూడా పడింది. పిల్లల డాక్టర్ పది రోజులు దాటాక తీయిద్దామన్నారు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె సంగతి చూసుకోవాలట. పన్నెండో రోజున తీసేశారు. ఆ సందు ఏడేళ్ళొచ్చే దాకా ఖాళీగానే ఉంది, ఎందుకంటే అది అదనపు పన్ను కాదు, అసలు పాలపన్నే తొందరపడి వచ్చేసింది. అంటే కడుపులో తయారైనట్టే కదా.

మేనమామ క్షేమం. ఇప్పుడు బీపీ ఉంది గానీ దానికీ పంటికీ సంబంధం లేదు.

చిగురు డాక్టరమ్మ (పిల్లల దంతవైద్యం, విజయవాడ) | మంగళవారం, ఉదయం 6:20

పాలకంకి గారూ, ఓపీకి వెళ్ళే ముందు రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

పుట్టినప్పుడు పాప చిగుళ్ళు బోసిగా ఉన్నాయంతే. దవడ లోపల ఇరవై పాలపళ్ళూ అప్పటికే ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో దశలో. పైగా ఆరేళ్ళకి వచ్చే శాశ్వత దవడపన్ను కూడా సరిగ్గా పుట్టే వేళకే గట్టిపడటం మొదలుపెడుతుంది.

మొదలు ఎక్కడంటే, పిండానికి ఆరో వారంలో. కాబోయే దవడ అంచున పైచర్మం ఒక పట్టీలా మందమై లోపలికి దిగుతుంది. ఆ పట్టీ మీద అక్కడక్కడా మొగ్గలు వస్తాయి, ఒక్కో మొగ్గ ఒక్కో పన్ను. మొగ్గ టోపీలా వంగుతుంది, తర్వాత గంటలా అవుతుంది. గంట లోపలి అంచున నిలబడ్డ కణాలే అమెలోబ్లాస్టులు, ఎనామెల్ కట్టే పనివాళ్ళు. వాటికి ఎదురుగా, గంట లోపలి గుజ్జులో ఉన్నవి డెంటిన్ (ఎనామెల్ కింద ఉండే పంటి పొర) కట్టేవి. పునాది డెంటిన్‌ది. అది ఒక పొర పడ్డాకే దాని మీద ఎనామెల్ మొదలవుతుంది. ఒకదాని కబురు లేకుండా ఇంకొకటి పని మొదలుపెట్టదు.

మట్టింట్లో పేడతో అలకడం చూసే ఉంటారు. లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ, చివరికి గుమ్మం దగ్గర లేస్తారు. ఎనామెల్ కణాలూ అంతే. డెంటిన్ దగ్గర మొదలుపెట్టి ఎనామెల్ వేసుకుంటూ వెనక్కి, అంటే బయటివైపుకి జరుగుతాయి. ఒక్కో కణం నడిచిన దారి ఒక సన్నటి కడ్డీలా మిగిలిపోతుంది.

ముందుపళ్ళకి ఈ పని పిండం వయసు సుమారు 14 వారాలప్పుడు మొదలు. మిగతావి వరసగా 15 నుంచి 19 వారాల మధ్య. నెలలు నిండి పుట్టిన బిడ్డకి పై ముందుపంటి ఎనామెల్ ఆరింట ఐదు వంతులు కడుపులోనే అయిపోతుంది. పక్క పంటికి మూడింట రెండు, కోరపంటికి మూడో వంతే.

ఇప్పుడు మిమ్మల్ని మూడు అడగాలి. పాప నెలలు నిండాకే పుట్టిందా? గాడి రెండు పళ్ళ మీదా ఒకే ఎత్తులో ఉందా? చిగురు నుంచి ఎంత దూరంలో ఉంది?

పాలకంకి | మంగళవారం, ఉదయం 9:12

నెలలు నిండలేదండి. 33 వారాలకే నొప్పులొచ్చాయి. 1,850 గ్రాములు. పుట్టిన రెండో రోజున ఇన్ఫెక్షన్ అన్నారు, మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉంది, మొత్తం 24 రోజులు ఎన్‌ఐసీయూ. ఆ సంగతి పంటికి సంబంధం ఉంటుందని తోచలేదు, అందుకే రాయలేదు.

గాడి రెండింటి మీదా ఒకే ఎత్తులో ఉంది. కొలత సాయంత్రం చెబుతా. ఇప్పుడు నోరు తెరవదు.

స్లైడుబాబు (ఒక డెంటల్ కాలేజీలో ఓరల్ హిస్టాలజీ, అంటే పంటి కణజాలాల పాఠం చెబుతా) | మంగళవారం, ఉదయం 10:40

33 వారాలా! అయితే కథ మారింది.

డాక్టరమ్మ అలకడం గురించి చెప్పారు, నేను దాని కిందిది చెబుతా. ఆ పనివాళ్ళు రోజుకి వేసేది సుమారు 4 మైక్రాన్లు. అంటే తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. ప్రతి రోజుకీ ఒక సన్నటి అడ్డగీత మిగులుతుంది. కొన్ని రోజులకోసారి, చాలామందిలో వారం అటూ ఇటూ, ఇంకొంచెం ముదురు గీత. వీటిని 19వ శతాబ్దంలో స్వీడన్‌కి చెందిన రెట్జియస్ వర్ణించాడు, ఆయన పేరే ఉండిపోయింది. చెట్టు మానులో వలయాల్లాంటివే, కాకపోతే ఏడాదికి కాదు, వారానికి.

వీటన్నిటిలో ఒక గీత మాత్రం అందరికీ ఉంటుంది. పుట్టిన రోజు గీత. బొడ్డు తెగి, చలి తగిలి, ఒకటి రెండు రోజులు పాలు సరిగా అందక, ఒంట్లో కాల్షియం తగ్గిపోయే ఆ ఘడియలో అమెలోబ్లాస్టు కూడా తడబడుతుంది. ఆ తడబాటే గీత. 1930ల్లో దీన్ని గుర్తించారు. అన్ని పాలపళ్ళలోనూ ఉంటుంది, మామూలుగా ఆరేళ్ళ దవడపంటిలో కూడా. ఆ గీతకి లోపలున్నది అమ్మ కడుపులో కట్టినది, బయట ఉన్నది మనం పాలు పట్టి కట్టించినది. పోలీసు కేసుల్లో శిశువు పుట్టాక కొన్నాళ్ళు బతికిందా లేదా తేల్చడానికి కూడా దీన్నే చూస్తారు.

ప్రతి బ్యాచ్‌తోనూ చేయించే పని ఒకటుంది. ఊడిన పాలపన్ను తీసుకుని నిలువుగా కోసి, సానరాయి మీద నీళ్ళు పోస్తూ అరగదీయాలి. కాగితం కంటే పలచనయ్యే దాకా. తొందరపడితే చివరి నిమిషంలో పుటుక్కున విరుగుతుంది, పిల్లలు తిట్టుకుంటారు. నిలిచినదాన్ని మైక్రోస్కోపు కింద పెడితే తేనెరంగు ఎనామెల్‌లో ఒక్క నల్లటి గీత, కొన వైపు నుంచి మెడ వైపు వంపు తిరిగి కనిపిస్తుంది. మొన్న ఒక అమ్మాయి తన తమ్ముడి పన్ను తెచ్చింది. గీత కనబడగానే "సార్, ఇది మార్చి 9" అంది. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

యాసిడ్‌లో నానబెట్టి మెత్తబరచిన స్లైడు చూస్తే మాత్రం ఎనామెల్ ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. బరువులో 96 శాతం ఖనిజమే కాబట్టి మొత్తం కరిగిపోతుంది. పరీక్షలో "ఎనామెల్ ఎక్కడ?" అని అడిగితే సగం మంది బిక్కమొహం వేస్తారు.

ఒక జాగ్రత్త. పుట్టిన రోజు గీత కంటికి కనబడదు, గోటికి తగలదు. మీ పాపకి ఉన్నది గాడి. అక్కడ పొరే పలచగా పడింది. అంటే తడబాటు ఒకటి రెండు రోజులది కాదు, ఇంకా ఎక్కువ.

నిప్పురవ్వ | మంగళవారం, మధ్యాహ్నం 12:15

సరే, దవడలో ఉంటాయని ఒప్పుకుంటా. మరి పాలసీసా పుచ్చు కాదని ఎలా చెప్తారు?

చిగురు డాక్టరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:50

మంచి ప్రశ్నే. సీసా పుచ్చు సాధారణంగా చిగురు అంచున తెల్లటి సుద్దగీతలా మొదలై, తర్వాత గోధుమరంగుకి తిరిగి మెత్తబడుతుంది. పన్ను వచ్చాక కొన్ని నెలలకి కనిపిస్తుంది. ఈవిడ చెప్పేది పన్ను బయటికి వచ్చినప్పుడే ఉంది, రెండింటి మీదా ఒకే ఎత్తులో ఉంది. అంటే కట్టేటప్పుడే పడిన లోపం. కాకపోతే లోపం ఉన్న చోట పుచ్చు త్వరగా పడుతుంది, టీ రంగు తిరుగుతోంది అన్నారు కాబట్టి అది చూసుకోవాలి. రాత్రి సీసా ఉంటే మానిపించండి, ఆ మాటలో రవ్వగారు కరెక్టే.

వెంటిలేటర్ అన్నారు కదా. గొంతులో గొట్టం వేసేటప్పుడు పరికరం చిగురు మీద ఒత్తితే కూడా లోపల కడుతున్న ఎనామెల్ నలుగుతుంది. కానీ అది ఎక్కువగా పైన ఎడమ వైపున ఒకటి రెండు పళ్ళకే పరిమితమవుతుంది. రెండు వైపులా సమానంగా ఉందంటే ఒళ్ళంతటికీ వచ్చిన ఇబ్బంది.

మర్రిగూడ మాస్టారు (నల్గొండ) | మంగళవారం, సాయంత్రం 4:35

నాదొక సందేహం, ఎన్నాళ్ళ నుంచో ఉన్నది. మా బళ్ళో పాతికేళ్ళుగా చూస్తున్నా. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పిల్లలకి నాలుగో తరగతికి వచ్చేసరికి ముందుపళ్ళ మీద గార కనిపించేది, పసుపు, గోధుమ రంగు మచ్చలు. అదే పిల్లలు ఒకటో తరగతిలో చేరినప్పుడు పాలపళ్ళు చాలామందికి తెల్లగానే ఉండేవి. తల్లి తాగిందీ అవే బోరు నీళ్ళే కదా? కడుపులో ఉన్న బిడ్డకి ఎందుకు పట్టలేదు?

స్లైడుబాబు | మంగళవారం, సాయంత్రం 5:20

మాస్టారూ, ఇది మా పీజీ పిల్లలని అడగాల్సిన ప్రశ్న.

తల్లి రక్తంలోంచి ఫ్లోరైడ్ మాయ దాటుతుంది, కానీ బిడ్డ ఎముకలు అప్పుడు జోరుగా పెరుగుతూ వచ్చినదాన్ని వచ్చినట్టు పట్టేసుకుంటాయి. పైగా పాలపంటి ఎనామెల్ పలచన, కట్టే కాలం తక్కువ. శాశ్వత ముందుపళ్ళు మొదలయ్యేదే పుట్టిన మూడు నాలుగు నెలలకి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కడతాయి. అన్నేళ్ళూ పిల్ల నేరుగా ఆ నీళ్ళే తాగుతుంది. అందుకే గార అక్కడ ఎక్కువ. ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న ఊళ్ళలో పాలపళ్ళకీ వస్తుంది. అప్పుడు ముందుపళ్ళు కాదు, వెనకాల రెండో దవడపళ్ళు చూడాలి. అవి అన్నిటికంటే ఆలస్యంగా, పుట్టాక పది పదకొండు నెలల దాకా కడతాయి కాబట్టి వాటి మీద ముందు తెలుస్తుంది.

అసలు మన దేశంలో ఈ జబ్బుని మొదట పట్టుకున్నది మన వైపే. 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో.

మర్రిగూడ మాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:48

సంతోషం. వెనక పళ్ళు ఎప్పుడూ చూడలేదు. కృష్ణా నీళ్ళొచ్చాక పిల్లల్లో గార తగ్గింది, అదొక్కటి కళ్ళారా చూశా.

పాలకంకి | మంగళవారం, రాత్రి 9:55

కొలిచాను. ఫోన్ టార్చి నేను పట్టుకుంటే మా ఆయన పాత జామెట్రీ స్కేలు ముక్క పెట్టారు. నా వేలు ఒకసారి కొరికింది. పన్ను మొత్తం ఆరు మిల్లీమీటర్ల లోపు. గాడి చిగురు నుంచి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పైన... అంటే కొన వైపు. రెండు పళ్ళకీ అంతే.

చిగురు డాక్టరమ్మ | మంగళవారం, రాత్రి 10:30

ఇప్పుడు లెక్క చూద్దాం. ఉజ్జాయింపేనండోయ్, ఎనామెల్ రోజూ ఒకే వేగంతో పెరగదు.

ఎనామెల్ పంటి కొన దగ్గర మొదలై చిగురు వైపు దిగుతుంది. నెలలు నిండిన బిడ్డకి పుట్టేసరికి పై ముందుపన్ను ఆరింట ఐదు వంతులు అయిపోతుందన్నాను. ఆరు మిల్లీమీటర్ల పంటిలో చిగురు వైపు ఒక మిల్లీమీటరే మిగులుతుంది. మీ పాప ఏడు వారాలు ముందొచ్చింది. అంటే పుట్టిన రోజుకి ఆ పన్ను సగానికి కొంచెం పైచిలుకే అయుంటుంది. మిగిలింది రెండు, రెండున్నర మిల్లీమీటర్లు.

మీ గాడి ఉన్నది సరిగ్గా అక్కడ.

మీరు అన్నం తినలేకపోయిన ఐదో నెల గుర్తు ఈ పంటి మీద ఉండాల్సి వస్తే, అది కొన అంచు దగ్గర ఉండాలి. అక్కడ ఎలా ఉంది?

పాలకంకి | మంగళవారం, రాత్రి 10:41

అక్కడ అద్దంలా ఉందండి. నున్నగా, తెల్లగా.

చిగురు డాక్టరమ్మ | మంగళవారం, రాత్రి 10:52

అయితే ఇంకో పరీక్ష. ఒక్క పంటిని నమ్మి తీర్పు చెప్పకూడదు. ఒకే రోజున పడిన దెబ్బ ఒక్కో పంటి మీద ఒక్కో ఎత్తులో ఉండాలి, ఎందుకంటే ఆ రోజుకి ఒక్కోటి ఒక్కో దశలో ఉంటుంది. ముందుపంటికి సగం దాటాక ఉంటే, పక్క పంటికి దాదాపు నడిమధ్యన ఉండాలి. కోరపన్ను బాగా వెనకబడి ఉంటుంది కాబట్టి దానికి కొన దగ్గరే ఉండాలి. రేపు ఉదయం వెలుతురులో, దూదితో పన్ను తుడిచి చూడండి. తడి మీద కనబడదు.

సూడిదల చెల్లి (రాజమండ్రి) | బుధవారం, ఉదయం 7:15

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకిప్పుడు ఐదో నెల. ఇది చదివి రాత్రంతా టెన్షన్. నేనేం తినాలి? "కాన్పుకో పన్ను పోతుంది, బిడ్డ కాల్షియం నీ పళ్ళలోంచే లాక్కుంటుంది" అంటోంది మా పెద్దమ్మ. తాంబూలంలో సున్నం ఎక్కువ వేసుకోమంటోంది.

చిగురు డాక్టరమ్మ | బుధవారం, ఉదయం 8:05

చెల్లీ, సున్నం వద్దు, నోరు పొక్కుతుంది. బిడ్డ తల్లి పళ్ళ జోలికి రాదు. గట్టిపడిన పంటిలోంచి కాల్షియం వెనక్కి తీసుకునే దారి ఒంట్లో లేదు. బిడ్డకి మొత్తం కావలసింది సుమారు 30 గ్రాములు, అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే. మీ తిండిలోంచి తీసుకుంటుంది, చాలకపోతే మీ ఎముకల్లోంచి. కాన్పుల తర్వాత పళ్ళు పాడయ్యేది చిగుళ్ళ వాపు, వాంతుల పులుపు, రోజుకి నాలుగైదు సార్లు తినడం, డాక్టర్ దగ్గరికి వెళ్ళకపోవడం వల్ల.

ఏఎన్ఎం ఇచ్చే కాల్షియం మాత్రలు మానొద్దు. 14 వారాల నుంచి రోజుకి రెండు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములు, అందులోనే కొంచెం విటమిన్ డి. ఐరన్ మాత్రతో కలిపి మింగకండి, ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. రాగులు, పాలు, పెరుగు, ముల్లుతో సహా తినే చిన్నచేపలు మీకు తెలిసినవే.

విటమిన్ డి మీద డెన్మార్క్‌లో ఒక మంచి అధ్యయనం వచ్చింది, 2019లో. గర్భిణుల్లో సగం మందికి 24వ వారం నుంచి రోజుకి 2800 యూనిట్లు, మిగతావారికి మామూలుగా ఇచ్చే 400. పిల్లలకి ఆరేళ్ళొచ్చాక చూస్తే శాశ్వత పళ్ళలో ఎనామెల్ లోపాలు ఎక్కువ డోసు గుంపులో 15 శాతం, రెండో గుంపులో 27 శాతం. అలాగని మీకు మీరే కొనుక్కుని మింగకండి. రక్తపరీక్ష చూసి మీ డాక్టరే రాయాలి.

బూడిదపళ్ళోడు | బుధవారం, ఉదయం 9:30

గర్భిణులకి ఇంకో మాట. జ్వరానికో దగ్గుకో ఊళ్ళో ఎవరు పడితే వాళ్ళిచ్చే క్యాప్సూల్ మింగొద్దు. టెట్రాసైక్లిన్ అనే మందు కాల్షియాన్ని పట్టుకుని, కడుతున్న పంటిలోకి దూరిపోతుంది. నాకు మూడేళ్ళప్పుడు మా ఊరి ఆర్ఎంపీ ఆ సిరప్ తెగ పట్టించాడట. నా శాశ్వత పళ్ళు బూడిదరంగులో, అడ్డచారలతో ఉంటాయి. పెళ్ళి ఫొటోల్లో నోరు మూసుకునే ఉన్నా. కడుపుతో ఉన్నవాళ్ళు నాలుగో నెల దాటాక మింగితే బిడ్డ పాలపళ్ళకి పడుతుందని మా డెంటిస్టు చెప్పారు.

సెయింట్ లూయిస్ సాంబారు (మిస్సోరి) | బుధవారం, ఉదయం 10:10

పాలపళ్ళ లోపల రాసి ఉండటం అన్నారు కాబట్టి. నేనుండే ఊళ్ళో 1958 నుంచి 1970 దాకా పాలపళ్ళు సేకరించారు, మూడు లక్షలకి పైగా. అప్పట్లో అణుబాంబులు ఆరుబయట పేల్చేవారు. ఆ దుమ్ములోని స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డి మీద పడి, ఆవు పాలలోకి వచ్చి, కాల్షియం అనుకుని పిల్లల పళ్ళు దాన్ని పట్టుకునేవి. గర్భిణి తాగిన పాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఏ ఏడాది పుట్టిన పిల్లల పంటిలో ఎంత ఉందో వరసగా పెట్టి చూపించారు, ఏడాదికేడాది పెరిగింది. 1963లో ఆరుబయట పరీక్షలు ఆపే ఒప్పందం కుదరడానికి వచ్చిన ఒత్తిడిలో ఈ పళ్ళది కూడా ఒక చెయ్యి. పన్నిచ్చిన పిల్లలకి ఒక బ్యాడ్జి ఇచ్చేవారు.

ఇంకా తమాషా ఏంటంటే, వాడని పళ్ళు దాదాపు 85 వేలు 2001లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళ స్టోరులో చిన్నచిన్న కవర్లలో దొరికాయి, పేర్లతో సహా.

మనమేమో పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరేశాం.

మామయ్య1983 | బుధవారం, ఉదయం 10:22

మా పెంకుటింటి మీద ఇరవై ఉండాలి. పరిశోధకులు ఎవరైనా ఉంటే నిచ్చెన నాదే.

నిప్పురవ్వ | బుధవారం, ఉదయం 11:40

స్లైడుబాబు గారూ, ఒకటి అడుగుతా, వెటకారం కాదు. గోరు విరిగితే పెరుగుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామెల్ ఎందుకు మళ్ళీ రాదు? పాప గాడి దానంతటదే పూడదా?

స్లైడుబాబు | బుధవారం, మధ్యాహ్నం 2:10

పూడదు. కట్టిన మేస్త్రీలే మిగలరు కాబట్టి.

ఎనామెల్ పని రెండు విడతల్లో జరుగుతుంది. మొదట ప్రొటీన్ ఎక్కువగా ఉన్న మెత్తటి పొర వేస్తారు. అందులో ముఖ్యమైనది అమెలోజెనిన్, దాని మీద సన్నటి ఖనిజపు పోగులు. రెండో విడతలో స్లాబు కింద సెంట్రింగ్ విప్పినట్టు ఆ ప్రొటీన్‌ని ఎంజైములతో ముక్కలు చేసి బయటికి లాగేస్తారు. ఖాళీ అయిన చోటికి కాల్షియం, ఫాస్ఫేట్ వచ్చి పోగులు లావై ఒకదానికొకటి ఒరుసుకునేంతగా నిండుతాయి. మొదటి విడతలో దెబ్బ తగిలితే పొర పలచనై గుంటో గాడో పడుతుంది, మీ పాపకి జరిగినట్టు. రెండో విడతలో తగిలితే మందం సరిపోతుంది గానీ లోపల సుద్దలా ఉండిపోతుంది, తెల్లమచ్చ.

రెండో విడత నడుస్తుండగానే పనివాళ్ళలో సగం మంది చనిపోతారు. మిగిలినవాళ్ళు పన్ను చిగురు చీల్చుకుని బయటికొచ్చేటప్పుడు రాలిపోతారు. ఇల్లు అప్పగించి వెళ్ళిపోయినట్టే. ఎముకలో, డెంటిన్‌లో కణాలు పనికి మిగిలే ఉంటాయి, అందుకే అవి కొంత సరిచేసుకోగలవు.

కొసరు ముచ్చట: ఆ అమెలోజెనిన్ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీదా వై క్రోమోజోము మీదా కూడా ఉంటుంది, రెండూ కొంచెం తేడాగా. అస్థిపంజరం ఆడదో మగదో తేల్చడానికి దాన్నే చూస్తారు. ఇక ఆపుతా, క్లాసుంది.

పాలకంకి | బుధవారం, రాత్రి 9:20

చూశానండి. పొద్దున అరుగు మీద ఎండలో కూర్చోబెట్టి, చేతికి చాక్లెట్ రేపర్ ఇచ్చి (చాక్లెట్ కాదు, తిట్టకండి), దూదితో తుడిచి చూశాను.

పక్క పళ్ళు రెండింటికీ సన్నటి గీత ఉంది. ఇన్నాళ్ళూ నాకు కనబడనే లేదు. సరిగ్గా మధ్యలో. కోరపళ్ళకి కొన దగ్గర గరుకుగా, సున్నం ఊడిన గోడలా ఉంది, కింది భాగమంతా నున్నగా ఉంది. డాక్టరమ్మ గారు చూడకుండానే చెప్పినట్టు.

నాకు ఏడుపొచ్చింది. అది పాప ఎన్‌ఐసీయూలో ఉన్న రోజులే కదా?

చిగురు డాక్టరమ్మ | బుధవారం, రాత్రి 9:48

ఫోరంలో రాసినదాన్ని బట్టి నిర్ధారణ చెప్పకూడదు, మీ డెంటిస్టు కళ్ళతో చూసి చెప్పాలి. కానీ మూడు రకాల పళ్ళూ ఒకే రోజులని చూపిస్తుంటే నేనైతే కేస్ షీటులో "పుట్టిన వెంటనే వచ్చిన జబ్బు, నెలలు నిండకపోవడం" అని రాస్తాను, "తల్లి తినలేదు" అని కాదు. నెలలు నిండని పిల్లల్లో ఇది తరచుగా చూస్తాం. చివరి నెలల్లో తల్లి నుంచి రావలసిన కాల్షియం అందకముందే బయటికొస్తారు, ఆపైన ఇన్ఫెక్షన్, పాలు జీర్ణం కాకపోవడం. మీ డాక్టరుగారి మాటా పూర్తి తప్పు కాదు. నెలలు నిండి ఉంటే ఆ రోజులు కడుపులోవే అయ్యేవి.

శాశ్వత ముందుపళ్ళ గురించి భయపడొద్దు, అవి అప్పటికి మొదలే కాలేదు. ఆరేళ్ళకి వచ్చే దవడపళ్ళు మాత్రం రాగానే చూపించండి.

ఇప్పుడు చేయాల్సింది: ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపు గింజంత, రోజుకి రెండుసార్లు, మీరే తోమాలి. మూడేళ్ళు దాటాక బఠాణీ గింజంత. వార్నిష్ వేయించండి. గాడి లోతుగా ఉంటే అదే రంగు మందుతో పూడుస్తారు, ఇంజెక్షన్ అక్కర్లేకపోవచ్చు.

మర్రిగూడ మాస్టారు | బుధవారం, రాత్రి 10:05

అమ్మా, ఫ్లోరైడ్ పేస్టు అనగానే మా జిల్లా వాళ్ళకి గుండె జారుతుంది. బియ్యపు గింజంత అన్నారు కాబట్టి సరే.

పాలకంకి | గురువారం, రాత్రి 8:30

ఇవాళ్టి సంగతి రాయాలి. ఈ చర్చ మొత్తం మా ఆయన అత్తయ్యకి చదివి వినిపించారు. ఆవిడ ఏమీ అనలేదు. లేచి బీరువా మీద నుంచి ఆ ఏడాది గోడ కాలెండరు దించారు. పాల లెక్క రాసుకునేది. నవంబరు పేజీలో అర లీటరు, లీటరు అంకెల పక్కనే పెన్సిలుతో ఇంకో వరస ఉంది: 1850, 1790, 1720, 1680, 1640. ఎన్‌ఐసీయూ వాళ్ళు రోజూ చెప్పే పాప బరువు. నన్ను లోపలికి మందుల మత్తులో తీసుకెళ్ళి తీసుకొచ్చేవారు, నాకు ఆ అంకెలు తెలియనే తెలియవు. ఆవిడే బయట బెంచీ మీద కూర్చుని, ఇంటికొచ్చి రాసుకునేవారట. మళ్ళీ 1850కి వచ్చింది పద్దెనిమిదో రోజున. దాని చుట్టూ సున్నా చుట్టి ఉంది.

పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని, టార్చి నన్ను పట్టుకోమని, ఆ గాడిని చాలాసేపు చూశారు. తర్వాత, "శనివారం నేనూ వస్తా డాక్టర్ దగ్గరికి, ఈ కాగితం చూపిద్దాం" అన్నారు. రాగిజావ నాకు కాచి పెట్టారు. తాగాను.

స్లైడుబాబు | గురువారం, రాత్రి 9:02

పాలకంకి గారూ, ఒక విన్నపం. ఇంకో నాలుగేళ్ళకి ఆ ముందుపన్ను ఊడుతుంది. ఇంటి కప్పు మీదకి విసరొద్దు. ఆ కాలెండరు పేజీ ఫొటోతో పాటు నాకు పంపగలరా?

పాలకంకి | గురువారం, రాత్రి 9:15

పన్ను పంపుతానండి. పేజీ అత్తయ్య ఇవ్వరట, జిరాక్స్ తీయిస్తామన్నారు.